పాముకు వెచ్చదనం: హీటర్ కంటే ముందు గది
(బెంగళూరు మారతహళ్ళిలో పెంపుడు పాములున్న తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పెంపుడు పాముకు ఏ హీటర్ మంచిదో చెప్పమని నన్ను పిలిచారు. వైద్యానికి పామును తీసుకొచ్చే వాళ్ళలో చాలామంది ఈ మాటే అడుగుతారు. నేను మాత్రం వాళ్ళను తిరిగి ఇంకో ప్రశ్న అడుగుతాను: తెల్లవారుజామున ఐదు గంటలకు మీ గదిలో ఉష్ణోగ్రత ఎంత? దానికి జవాబు తెలిసిన వాళ్ళు అరుదుగా కనిపిస్తారు. గదిలో సహజంగా ఉన్న వేడికీ, పాముకు కావలసిన వేడికీ మధ్య ఎంత వెలితి ఉందో అంతవరకు పూడ్చడమే హీటర్ పని కాబట్టి, ఆ వెలితి తెలియకుండా కొన్న వస్తువు ఎంత ఖరీదైనదైనా అయితే చాలదు, లేకపోతే ఎక్కువవుతుంది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతుంది.

అసలు విషయంలోకి వెళ్ళేముందు చట్టం గురించి రెండు మాటలు. జెర్రిపోతు, రెండుతలల పాము, కొండచిలువ వంటి మన దేశపు పాములను పట్టి ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అటువంటి పాముకు హీటర్ సలహా నేను ఇవ్వను. ఈ సభలో మాట్లాడుకునేది విదేశీ జాతులైన బాల్ పైథాన్, కార్న్ స్నేక్ వంటి వాటి గురించి. అందులో బాల్ పైథాన్ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉన్న జాతి కనుక, 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. ఆ పని చేయని వాళ్ళెవరైనా ఇక్కడ ఉంటే, హీటర్ వేడిని మనం పెట్టిన హద్దులో ఉంచే థర్మోస్టాట్ కొనడానికి ముందు ఆ పని చూసుకోండి.

పాము తన ఒంట్లో వేడిని తానే పుట్టించుకుని నిలుపుకునే జీవి కాదు. బయటి వేడిని వాడుకుని ఆహారం అరిగించుకుంటుంది, రోగాన్ని ఎదుర్కొంటుంది, కుబుసం విడుస్తుంది. మింగిన ఎలుక అరిగే లోపల ఒళ్ళు చల్లబడితే ఆ ఎలుక కడుపులోనే కుళ్ళడం మొదలవుతుంది, పాము దాన్ని కక్కేస్తుంది. చలి ఇంకా చాలా రోజులు సాగితే ఊపిరితిత్తులకు జబ్బు పడుతుంది. నోరు తెరుచుకుని ఊపిరి తీయడం, నోటి అంచున జిగురు బుడగలు, శ్వాసలో ఈలలాంటి చప్పుడు దాని లక్షణాలు. అయితే పాముకు ఎప్పుడూ ఒకే వేడి అవసరం ఉండదు. పెట్టెలో ఒక కొస వెచ్చగా, రెండో కొస చల్లగా ఉంటే తనకు ఎప్పుడు ఏది కావాలో అది వెతుక్కుంటుంది. బాల్ పైథాన్‌కు వెచ్చటి కొసన నేల 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి కొసన గాలి 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. కార్న్ స్నేక్ ఆగ్నేయ అమెరికా జీవి. దానికి వెచ్చటి చోటు 29 నుంచి 32, చల్లటి చోటు 22 నుంచి 24 చాలు, రాత్రి 20 దాకా పడిపోయినా దానికి ఇబ్బంది లేదు. రెండు కొసల్లోనూ దాక్కునే గూడు తప్పక ఉండాలి. గూడు ఒక్క వైపే ఉంటే పాము వేడిని వదులుకుని దాపరికాన్నే ఎంచుకుంటుంది, అప్పుడు మీరు కట్టిన ఏర్పాటంతా వృథా.

ఇప్పుడు గది సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ రాత్రి కనిష్ఠం సగటున 15, 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంటి లోపల దానికి రెండు మూడు డిగ్రీలు కలుపుకోవచ్చు. మనం కార్తీకంలో నాగులచవితి చేసుకునే నాటికి ఇక్కడ రాత్రులు చల్లబడడం మొదలవుతుంది, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. ఆ మధ్య కాలమే మన పాములకు అసలైన పరీక్ష. ఇంతటితో అయిపోయిందనుకోకండి. జూన్ నుంచి ఆగస్టు వరకు వానకాలంలో పగలు 27, 28 డిగ్రీలు, రాత్రి 20 డిగ్రీలు ఉండే రోజులు వరుసగా వస్తాయి. మనకు హాయిగా ఉంటుంది, బాల్ పైథాన్‌కు మాత్రం అది చలే. చెన్నైలో ఉండే బంధువులు తమ ఏర్పాటు గురించి మీకు సలహా చెబితే అక్కడి జనవరి రాత్రి కనిష్ఠం సుమారు 21 అనీ, మే నెల పగటి గరిష్ఠం 37 దాటుతుందనీ గుర్తుంచుకోండి. వాళ్ళకు అక్కరలేని హీటర్ మీకు అవసరం కావచ్చు, వాళ్ళకున్న వేసవి కష్టం మీకు అంతగా ఉండకపోవచ్చు.

హీటర్ రకాలలో అందరూ మొదట కొనేది హీట్ మ్యాట్, అంటే కరెంటుతో వేడెక్కే పల్చటి పట్టా. చవక, వెలుతురు ఉండదు, కరెంటు తక్కువ తింటుంది. గాజుపెట్టె అడుగున బయటి వైపు, నేలలో మూడో వంతుకు మించకుండా అతికిస్తారు. పెట్టెను నాలుగు రబ్బరు కాళ్ళ మీద కొంచెం ఎత్తుగా నిలపాలి, లేకపోతే కింద గాలి ఆడక వేడి అక్కడే పేరుకుని గాజు పగులుతుంది. చెక్కపెట్టె కింద మ్యాట్ పెట్టకండి. చెక్క వేడిని పైకి పోనివ్వదు, నిప్పు ప్రమాదం కూడా ఉంది. మ్యాట్‌తో వచ్చే ముఖ్యమైన చిక్కు ఏమిటంటే, అది నేలను వేడి చేస్తుందే గాని గాలిని చేయదు. గది 18 డిగ్రీలు ఉంటే పెట్టెలో గాలి 19, 20 దగ్గరే ఆగిపోతుంది, మ్యాట్ మీద పాము పొట్ట మాత్రం 32 ఉంటుంది. కార్న్ స్నేక్‌కు ఇది సరిపోతుంది, బాల్ పైథాన్‌కు సరిపోదు. పైగా మన దగ్గర చవగ్గా దొరుకుతుందని కొబ్బరిపొట్టును మూడు నాలుగు అంగుళాల మందాన పరుస్తారు. కుంపటి మీద దుప్పటి కప్పినట్టు, ఆ పొట్టు కింద వేడి పేరుకుంటూ పోతుంది, పైన చెయ్యి పెట్టిన మనకు ఏమీ తెలియదు. వెచ్చదనం వెతుక్కుంటూ పొట్టులోకి తవ్వుకుంటూ వెళ్ళిన పాముకు అడుగున కాలే గాజు తగులుతుంది.

అలా కాలిన పొట్ట ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని గుర్తుపట్టరు. మొదట పొట్ట కింది అడ్డపొలుసుల మీద గులాబీరంగు వస్తుంది. కుబుసం విడవబోయే ముందు కూడా కొన్ని పాములకు పొట్ట అలాగే ఎర్రబారుతుంది కాబట్టి, యజమాని అదే అనుకుని ఊరుకుంటాడు. నాలుగైదు రోజులకు ఆ పొలుసుల అంచులు గోధుమరంగుకు తిరిగి పైకి లేస్తాయి, కొన్నింటి కింద నీరు పట్టి బొబ్బ కడుతుంది, వేలితో తాకితే మెత్తగా దిగుతుంది. కుబుసం విడిచే ముందు వచ్చే ఎరుపు పొట్ట పొడుగునా ఒకే తీరుగా ఉంటుంది, కన్ను కూడా నీలంగా మసకబారుతుంది. కాలిన ఎరుపు మాత్రం మ్యాట్ తగిలిన మేరకే, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే ఒక వారం ముందే వైద్యుని దగ్గరికి రాగలుగుతారు. అప్పటి నుంచి కొబ్బరిపొట్టు తీసేసి తెల్ల కాగితం పరచి, పొట్టను శుభ్రంగా పొడిగా ఉంచి, మందు రాస్తూ ఉండాలి. చర్మం మళ్ళీ సరిగా రావడానికి కొన్ని కుబుసాలు విడవాలి.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావాలి. బాల్ పైథాన్ పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి, చీకట్లో ఎలుక ఒంటి వేడిని అవి చూడగలవు. ఆ గుంటల్లోని నాడుల్లో ఈ పని చేసేది ట్రిప్‌ఏ1 అనే ప్రోటీన్ అని 2010లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం చూపించింది. ఆయనకు ఆ తరువాత 2021లో, ఉష్ణోగ్రతనూ స్పర్శనూ గ్రహించే గ్రాహకాలను కనుగొన్నందుకు నోబెల్ బహుమతిని ఆర్డెమ్ పటపుటియన్‌తో పంచి ఇచ్చారు. ఇంత సూక్ష్మంగా వేడిని తెలుసుకోగల జీవి, తన పొట్ట కాలుతుంటే ఎందుకు లేచిపోదు? ముఖం దగ్గరి గుంటలు వేట కోసం ఉన్నాయి, పొట్ట కింది కథ వేరు. ప్రకృతిలో వేడి పైనుంచి, సూర్యుడి నుంచి వస్తుంది. కింది నుంచి ఆగకుండా పెరిగిపోయే వేడి పాములకు ఎదురుకాదు. కారణం ఏదైనా, నా వైద్యశాలకు వచ్చే కాలిన గాయాలలో ఎక్కువ భాగం పొట్టవే. పాము తానే పక్కకు జరుగుతుందిలే అన్న భరోసా మీద ఏ హీటర్‌నూ వదలకండి.

పైనుంచి వేడి ఇచ్చేవి మూడు రకాలు ప్రధానంగా దొరుకుతాయి. అందులో హాలోజన్ బల్బు ఎండకు అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది. దాని తీగ దాదాపు 2,700 కెల్విన్ దగ్గర వెలుగుతుంది కనుక, చర్మం లోపలి దాకా చొచ్చుకుపోయే పొట్టి తరంగాల పరారుణ కిరణాలు దాని నుంచి ఎక్కువగా వస్తాయి. మ్యాట్ నుంచీ, వెలుతురు లేకుండా వేడి ఇచ్చే పింగాణీ హీటరైన సిరామిక్ ఎమిటర్ నుంచీ వచ్చే పొడుగు తరంగాలు చర్మం పైపొరలోనే ఆగిపోతాయి. అందువల్ల పగటి వేడికి, ముఖ్యంగా పగలు తిరిగే అలవాటున్న పాములకు, నేను హాలోజన్‌నే ఇష్టపడతాను. రాత్రికి అది పనికిరాదు, వెలుతురు ఉంటుంది కనుక. రాత్రి ఎర్ర బల్బు పెడితే పాముకు కనిపించదని దుకాణాల్లో చెప్పే మాట నమ్మకండి. పగలు, రాత్రి అన్న తేడా పాముకు తెలియాలంటే రాత్రి పెట్టె చీకటిగా ఉండాలి.

బెంగళూరు చలికాలపు రాత్రికి సరైన మందు సిరామిక్ ఎమిటర్. వెలుతురు లేకుండా గాలిని వేడి చేస్తుంది. దాని ఉపరితలం 200 డిగ్రీలు దాటి కాలుతుంది. అందుచేత దానికి మామూలు ప్లాస్టిక్ హోల్డర్ పెట్టకండి, కరిగిపోతుంది. పింగాణీ హోల్డర్ వాడి, చుట్టూ తీగజాలి బోను బిగించండి. పాములు హీటర్ చుట్టూ చుట్టుకోవడానికి వెనుకాడవు. ఎమిటర్ గాలిలోని తేమను పీల్చేస్తుంది, డిసెంబరులో బెంగళూరు గాలి పగటిపూట అసలే పొడిగా ఉంటుంది, కాబట్టి బాల్ పైథాన్‌కు కావలసిన 55 నుంచి 70 శాతం తేమ నిలబడాలంటే పెద్ద నీళ్ళ గిన్నెను చల్లటి కొసన ఉంచి, తడిపిన నాచు ఉన్న గూడు ఒకటి ఏర్పాటు చేయాలి. మూడో రకమైన డీప్ హీట్ ప్రొజెక్టర్ వెలుతురు దాదాపు లేకుండా మధ్య తరంగాల వేడి ఇస్తుంది. మంచి వస్తువే, ధర మాత్రం ఎక్కువ. వేడి రాళ్ళు అమ్ముతారు, కొనకండి. వాటిలోపలి తీగ ఒక్క చోటే కాలుతుంది.

గాజుపెట్టె మీద జాలిమూత ఉంటే పైనుంచి ఇచ్చిన వేడి అంతా గదిలోకి పోతుంది. కొత్త హీటర్ కొనేముందు పెట్టెకు మూడు పక్కలా బయటి నుంచి థర్మోకోల్ షీట్లు అతికించి చూడండి. హీటర్‌కు, హోల్డర్‌కు అవి దూరంగా ఉండాలి, థర్మోకోల్ తేలిగ్గా అంటుకుంటుంది. చాలా ఇళ్ళలో ఆ ఒక్క పనితో తక్కువ వాట్ల ఎమిటర్ సరిపోయింది.

ఇప్పుడు నా దృష్టిలో హీటర్ కంటే ముందు కొనవలసిన వస్తువు దగ్గరికి వచ్చాను. థర్మోస్టాట్ లేకుండా ఏ హీటర్‌నూ ప్లగ్‌లో పెట్టకండి. ఎందుకో ఒక లెక్క చూడండి. హీటర్ ఇచ్చే వేడి వోల్టేజి వర్గంతో పెరుగుతుంది. 230 వోల్టుల దగ్గర సరిగ్గా పనిచేసే మ్యాట్, అర్ధరాత్రి లైనులో 250 వోల్టులు వస్తే దాదాపు 18 శాతం ఎక్కువ వేడి ఇస్తుంది. అంటే మీరు పడుకునేముందు చూసి సరే అనుకున్న మ్యాట్ రెండు గంటలకు మీకు తెలియని మ్యాట్. ఇక అమెరికా నుంచి అన్నయ్యో, బావగారో సూట్‌కేసులో తెచ్చిన 110 వోల్టుల మ్యాట్‌ను ఇక్కడి ప్లగ్‌లో పెడితే వేడి నాలుగు రెట్లకు పైనే అవుతుంది. 20 వాట్ల వస్తువు 87 వాట్లుగా మారుతుంది. పిన్‌కు అడాప్టర్ తగిలించినంత మాత్రాన వోల్టేజి మారదు. ఈ మాట చెప్పి ఎవరినైనా ఆపగలిగితే నాకు ఒక కేసు తగ్గుతుంది.

మన ఎస్.పి. రోడ్డులో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కోడిగుడ్లు పొదిగే ఇంక్యుబేటర్ల కోసం అమ్మే చవక థర్మోస్టాట్లు, అంటే కంట్రోలర్లు, దొరుకుతాయి. మ్యాట్‌కూ, ఎమిటర్‌కూ వాటిని వాడుకోవచ్చు. అవి వేడిని పూర్తిగా వేస్తాయి, పూర్తిగా ఆపేస్తాయి. హాలోజన్‌కు మాత్రం కరెంటును కొంచెం కొంచెంగా తగ్గించి పెంచే డిమ్మింగ్ థర్మోస్టాట్ కావాలి, లేకపోతే బల్బు మాటిమాటికీ వెలిగి ఆరి తొందరగా మాడిపోతుంది, పాముకూ చికాకు. చవక కంట్రోలర్‌లో ఉండే రిలే అనే స్విచ్చు కొన్నాళ్ళకు అతుక్కుపోయి, హీటర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండిపోయే అవకాశం ఉంది. అందుకని మూడు డిగ్రీలు ఎక్కువకు పెట్టిన రెండో కంట్రోలర్‌ను మొదటిదానితో వరుసగా కలపమని నేను చెబుతాను. అయ్యే ఖర్చు పాము వైద్యం ముందు తక్కువే.

థర్మోస్టాట్‌కు తీగతో ఉండే, వేడిని కొలిచే ప్రోబ్‌ను ఎక్కడ పెట్టారన్నది థర్మోస్టాట్ ఎంత మంచిదన్న దానికంటే ముఖ్యం. నేను చూసిన ప్రమాదాలలో చాలావాటికి మూలం అదే. పెట్టె లోపల వదులుగా పెట్టిన ప్రోబ్‌ను పాము ముట్టెతో నెట్టి చల్లటి కొసకు తెస్తుంది, లేదా దాని పక్కన నీళ్ళ గిన్నె తిరగబడుతుంది. ప్రోబ్ 22 డిగ్రీలు చదువుతుంది, థర్మోస్టాట్ ఇంకా వేడి చాలలేదనుకుని మ్యాట్‌ను నడుపుతూనే ఉంటుంది, తెల్లవారేసరికి మ్యాట్ 50 దాటుతుంది. యంత్రం చెడిపోలేదు, చెప్పినట్టే పనిచేసింది. అందువల్ల మ్యాట్ అయితే ప్రోబ్‌ను గాజుకు బయట, మ్యాట్‌కూ గాజుకూ మధ్య అతికించండి. లోపలి నేల ఎంత వేడెక్కుతుందో విడిగా కొలుచుకుని, దానికి తగ్గట్టు సెట్టింగ్ మార్చుకోండి. లోపల 32 కావాలంటే బయటి ప్రోబ్‌కు రెండు మూడు డిగ్రీలు ఎక్కువ పెట్టవలసి రావచ్చు. ఎమిటర్ అయితే ప్రోబ్‌ను పాము ఎక్కే ఎత్తులో, గోడకు స్క్రూతో బిగించిన క్లిప్పులో ఉంచండి. కొలవడానికి కోవిడ్ కాలంలో కొన్న నుదుటి థర్మామీటర్ తీయకండి, అది మనిషి ఒంటి వేడి పరిధిలోనే చదువుతుంది. వర్క్‌షాపుల్లో వాడే పరారుణ థర్మామీటర్ ఒకటి, తీగ ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు చాలు. పెట్టె గోడకు అతికించే గుండ్రటి ముల్లు మీటర్లు అలంకారం కిందే లెక్క.

కరెంటు ఖర్చు గురించి భయపడే వాళ్ళకు: 50 వాట్ల ఎమిటర్ రోజులో సగం సేపు ఆన్‌లో ఉంటే రోజుకు 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు. కరెంటు పోతే మూడు నాలుగు గంటల వరకు పెద్ద పాముకు ఏమీ కాదు. ఆ సమయంలో దానికి తిండి పెట్టకండి, రాత్రి వేడి నీళ్ళ సీసాను తువ్వాలులో చుట్టి ఒక మూల ఉంచండి. అప్పుడే తిన్న పాము, పిల్లపాము విషయంలో మాత్రం తొందరపడాలి. ఒకే గదిలో పది పెట్టెలు ఉన్న వాళ్ళు ఒక్కొక్కదానికి హీటర్ పెట్టేకంటే తలుపులు బిగించిన చిన్న గదిలో థర్మోస్టాట్ ఉన్న ఆయిల్ హీటర్ ఒకటి పెట్టుకోవడం మేలు.

వేసవి సంగతి మరిచిపోకండి. గది 35 దాటితే ఏ పాముకూ హీటర్ అక్కరలేదు, వేడే ప్రమాదం. 38 దాటితే ప్రాణానికి ముప్పు. చెన్నైలో ఏప్రిల్ నుంచి జూన్ వరకు హీటర్ తీగను ప్లగ్ నుంచే తీసేసి, పెట్టెను పడమటి గోడకూ, పై అంతస్తు కప్పు వేడికీ దూరంగా జరపాలి. బెంగళూరులో కూడా 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు నమోదయ్యాయి. ఎండ పడే కిటికీ పక్కన గాజుపెట్టె ఉంటే, గది మామూలుగానే ఉన్నా, పెట్టె కొద్ది నిమిషాల్లోనే కొలిమి అవుతుంది. పాము రోజంతా నీళ్ళ గిన్నెలోనే పడుకుంటే అది వేడి వల్ల కావచ్చు, లేదా ఒంటికి పట్టిన పురుగుల వల్ల. రెండూ చూడండి.

కొత్తగా పెట్టె కట్టుకునే వాళ్ళు పామును తెచ్చేముందు వారం రోజులు ఖాళీ పెట్టెను నడపండి. రెండు కొసల ఉష్ణోగ్రతనూ ఉదయం ఐదింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి ఒక కాగితం మీద రాయండి. గది ఉష్ణోగ్రతను పక్క గడిలో రాయండి. కార్న్ స్నేక్ అయితే, బెంగళూరులో ఒక మ్యాట్, దానికో థర్మోస్టాట్ చాలని ఆ కాగితమే మీకు చెబుతుంది. బాల్ పైథాన్ అయితే ఇక్కడ పగటికి హాలోజన్, రాత్రికి ఎమిటర్ కావలసి వస్తుంది. చెన్నైలో డిసెంబరు, జనవరి తప్ప దేనికీ పెద్దగా అవసరం రాదు. ఇప్పుడు మీ ప్రశ్నలు. ముందు వరసలో ఒకరు 110 వోల్టుల అడాప్టర్ చేతిలో పట్టుకుని కూర్చున్నారు. వారితోనే మొదలుపెడదాం.